ట్రంపెట్‌కి క్రయో ట్రీట్‌మెంట్: పెళ్లిళ్ల సీజన్లు గడిచాక రేటింగ్ 5కి 1

స్వరం మెరుగవుతుందన్న మాట మీద ద్రవ నైట్రోజన్‌తో మైనస్ 196 డిగ్రీల దగ్గరికి దించి, మెల్లగా మామూలు స్థితికి తెచ్చిన బీ ఫ్లాట్ ట్రంపెట్ ఇది. చలి తగలని అదే మోడల్ జోడు కూడా బ్యాండులో ఉంది. నెల్లూరు, కావలి, ఒంగోలు ఊరేగింపుల్లో రెండూ పక్కపక్కనే మోగాయి. వినేవాళ్లకి ఏది ఏదో తెలియదు.

చేయించిన కొత్తలో గొంతు విచ్చుకున్నట్టు ఉంటుంది, నిజమే. కానీ చలి పెట్టే ముందు పిస్టన్లు (వేళ్లతో నొక్కేవి), ఫెల్టులు (పిస్టన్ ఆగేచోట ఉండే మెత్తటి బిళ్లలు), స్లైడ్లు (లాగి తీసే గొట్టాలు) అన్నీ విప్పి కడుగుతారు, తర్వాత కొత్త ఆయిల్ వేస్తారు. లీడ్‌పైపులో, అంటే మౌత్‌పీస్ దూర్చే మొదటి గొట్టంలో, పేరుకున్న పాచి పోతే ఏ ట్రంపెటైనా తేలిగ్గా పలుకుతుంది.

చలి వల్ల ఉక్కు లోపలి నిర్మాణం మారుతుంది, కాబట్టి కటింగ్ పనిముట్లకి ఇది పనికొస్తుంది. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఇత్తడిలో అట్టాంటి మార్పేమీ జరగదు. సుత్తి దెబ్బలకి లోహంలో మిగిలిన బిగువు తగ్గాలంటే వేడి కావాలి, సుమారు 250 డిగ్రీలు. 2003లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ట్రంపెట్లకి చలి పెట్టి, పెట్టనివాటితో పోల్చి చూశారు. వాయించే మనిషి మారితే వచ్చే తేడాయే పెద్దదని తేలింది.

మీరే పరీక్షించాలంటే రెండిటికీ ఒకే మౌత్‌పీస్ పెట్టండి. వినేవాళ్లు తెర అవతల ఉండాలి. రెండూ ఒకే గదిలో కాసేపు ఊది వేడెక్కాక మొదలుపెట్టండి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే శ్రుతి 3 సెంట్ల (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) దాకా పైకి పోతుంది. మన మే నెల ఎండలో బయట పెట్టిన ట్రంపెట్‌ని ఏసీ హాల్లోదానితో పోల్చి తీర్పు చెప్పేవాళ్లకి దండం.

ఇంట్లో ఫ్రీజర్ జోలికి మాత్రం పోవద్దు. మైనస్ 18తో ఒరిగేదేమీ లేదు. బయటికి తీయగానే మన సముద్రపు గాలికి లోపలా బయటా నీరు పడుతుంది, ఫెల్టులు తడుస్తాయి, లక్కర్ (మెరుపు పూత) లేచేచోట చిలుము పడుతుంది.

ఆ డబ్బుతో ఫెల్టులు మార్పించండి. నలిగిన ఫెల్ట్ మీద పిస్టన్ ఎక్కువ కిందికి దిగుతుంది, పిస్టన్‌లోని రంధ్రం ట్యూబుకి సూటిగా రాదు, స్వరం మసకబారుతుంది. రెండో స్లైడ్ తీసి, రెండో పిస్టన్ నొక్కి టార్చి వేస్తే సూటిగా రాని రంధ్రం అంచు కనపడుతుంది. అదే స్లైడ్ తిరిగి పెట్టి, పిస్టన్ నొక్కకుండా లాగితే టప్పున శబ్దం రావాలి. రాకపోతే ఎక్కడో గాలి కారుతోంది.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు, నాలుగు చుక్కల సబ్బు ద్రవం చాలు. మరిగే నీళ్లకి లక్కర్ లేస్తుంది. చింతపండు బిందెలకే. లీడ్‌పైపు మీద గులాబీ రంగు చుక్కలు కనిపిస్తే లోపలి నుంచి ఇత్తడిలోని జింకు పోయినట్టు. అప్పుడు పైపు మార్చడమే, చలీ వేడీ ఏదీ పనిచేయదు.