తప్తపాణి దాకా తొక్కి, తోసి

ఒడిశాలోని పర్లాకిమిడిలో పుట్టి పెరిగినవాణ్ణి, సముద్రం ఒడ్డున ఉన్న గోపాల్‌పూర్‌కి బస్సులో ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఈసారి సంక్రాంతి సెలవుల్లో మా బావా నేనూ సైకిళ్ల మీద బయల్దేరాం. అదీ తిన్నగా కాదు, ఉదయగిరి, మోహన, చంద్రగిరి, తప్తపాణి చుట్టుకుని, నాలుగు రోజులు.

ఉదయగిరి ఘాటీలో గేర్లున్నా దిగి తొయ్యక తప్పలేదు. "అంత డబ్బు పోసి కొన్నది నడవడానికా బామ్మర్దీ?" అన్నాడు బావ. మొదటి సైకిల్‌దీ అదే కథ. 1817లో జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ నడిపిన బండికి పెడళ్లే లేవు. రెండు చెక్క చక్రాల మధ్య దూలం, దాని మీద కూర్చుని కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవడమే. పెడళ్లు 1860లలో పారిస్‌లో వచ్చాయి, అవీ ముందు చక్రానికి. 1885లో ఇంగ్లండ్‌లో స్టార్లీ తెచ్చిన రోవర్ అనే సైకిల్‌లో చక్రాలు దాదాపు సమానమై, వెనక చక్రానికి చైన్ తగిలింది. మా బజార్లో పాల క్యాన్లు మోసే నల్ల సైకిల్‌ రూపం ఇప్పటికీ ఇంచుమించు అదే.

ఉదయగిరిలో దిగిన లాడ్జిలో అద్దె తక్కువే. కానీ సైకిళ్లు లోపల పెట్టనివ్వలేదు. టెన్షన్‌తో రాత్రి మూడుసార్లు లేచి కిటికీలోంచి చూశాను. సైకిల్ మీద వెళ్లేవాడికి ఏసీ కన్నా కింది అంతస్తులో గదీ, తెల్లారి అయిదింటికి గేటు తీసే మనిషీ ముఖ్యం.

మోహన దగ్గర పంక్చర్. రోడ్డు పక్క షాపు ముసలాయన ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ చూసి, పది నిమిషాల్లో ప్యాచ్ వేసేశాడు. ముందు ఒడియాలో, మా యాస విన్నాక తెలుగులో మాట్లాడాడు. యాత్ర మొత్తంలో మాకు దొరికిన మంచి సర్వీసు ఇదే. ఈ గాలి టైర్ల తంటా 1888లో మొదలైంది. బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు డన్‌లప్ కొడుకు మూడు చక్రాల సైకిల్ కుదుపులు తగ్గించాలని చేశాడు. అంతకు ముందు రాళ్లబాట మీద ఎముకలు కదిలిపోయేవట. మోహన దాటాక కొంత రోడ్డు చూస్తే ఆ బాధ మాకూ అర్థమైంది.

చంద్రగిరిలో 1960లలో వచ్చిన టిబెటన్ల ఊళ్లున్నాయి. జీరంగ్‌లోని పెద్ద బౌద్ధ విహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. గది శుభ్రంగా ఉంది, దుప్పటి మందంగా ఉంది, వేడినీళ్లు మాత్రం లేవు. వేడివేడి నూడుల్స్ సూపు తాగి పడుకున్నాం.

వేడినీళ్ల లోటు తప్తపాణిలో తీరింది. గంధకం వాసన వేసే ఊట నీళ్లు పక్కన స్నానాల కొలనులోకి వస్తాయి. మూడు రోజులు తొక్కిన మోకాళ్లు అందులో అరగంట నానితే ఏ మందూ అక్కర్లేదు. జనం ఎక్కువ, పొద్దున్నే వెళ్లాలి. అక్కణ్ణించి దిగపహండి వైపు దిగుడు. పెడల్ ముట్టుకుంటే ఒట్టు, బ్రేకులే అరిగాయి.

బరంపురంలో దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు), అన్నం, అప్పడం తిని సాయంత్రానికి గోపాల్‌పూర్ చేరాం. వారాంతం రేట్లు చూసి బావ నోరు తెరిచాడు. నన్నడిగితే బరంపురంలో దిగి, పదహారు కిలోమీటర్లు తొక్కి సముద్రం చూసి వెనక్కి రావడం మేలు. రాత్రి ఉప్పుగాలికి తెల్లారేసరికి చైన్లు కిర్రుమంటున్నాయి. ఆయిల్ అడిగితే లాడ్జి కుర్రాడు కొబ్బరినూనె సీసా తెచ్చాడు. బావ సగం చైన్‌కి పోసి, మిగతాది తలకి రాసుకున్నాడు.