చెట్ల కింద మినీ ట్రాక్టర్: 2,140 గంటల తర్వాత లెక్క

బండి 24 హెచ్‌పీ, మూడు సిలిండర్లు, ఫోర్ వీల్ డ్రైవ్. వయసు ఆరేళ్ళు, మీటరు మీద 2,140 గంటలు. నేల చింతలపూడి, అశ్వారావుపేట వైపు ఎర్ర చెల్క. తొమ్మిదెకరాలు పామాయిల్, అందులో సగానికి కోకో అంతరపంట. అయిదెకరాలు మామిడి, రెండెకరాలు జీడిమామిడి, గట్ల మీద టేకు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే తిప్పలు ఈ సైజు బండ్లన్నిటికీ కాస్త అటూ ఇటూగా ఉన్నవే. పేరు రాస్తే చదివేవాళ్ళు పేరే పట్టుకుని మిగతాది వదిలేస్తారు.

పామాయిల్‌కి పెద్ద బండి చాలదా అని అందరూ అడిగేదే. మొక్కలు 9 మీటర్ల త్రికోణంలో, ఎకరాకు 57. అంటే సాలుకీ సాలుకీ మధ్య 7.8 మీటర్లు. కాగితం మీద చూస్తే లారీ కూడా తిరుగుతుంది. కానీ నాలుగో ఏడు నుంచి ఎనిమిదో ఏడు దాకా మట్టలు నేలకి వంగి ఉంటాయి, బోదె ఎదిగి మట్టలు పైకి లేచేదాకా సాలు మధ్య దారి మూసుకుపోయినట్టే. కోకో కూడా ఉంటే మిగిలేది నాలుగైదు అడుగుల సందు. 45 హెచ్‌పీ బండి వెడల్పు అయిదున్నర అడుగులు దాటుతుంది, మినీది మూడున్నర. దానికంటే ముఖ్యం ఎత్తు. మినీ మీద కూర్చున్న మనిషి తల ఆరడుగుల్లోపు ఉంటుంది, పెద్దదాని మీద ఏడు దాటుతుంది. ఆ అడుగు తేడాలోనే మట్ట ముల్లు కంటికి తగిలేదీ తగలనిదీ తేలుతుంది. షోరూముకి వెళ్ళేముందు తోటలో అన్నిటికంటే కిందికి వంగిన కొమ్మ ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. షోరూములో సీటు మీద మీరే కూర్చుని, నేల నుంచి మీ తలదాకా కొలిపించండి.

సైలెన్సర్ నిలువుదైతే మామిడి కొమ్మలకి తగిలి వంగుతుంది, లేదా కాయలు రాలగొడుతుంది. పక్కకి కిందికి తిప్పినదైతే కొమ్మల బాధ లేదు, కానీ మార్చి నుంచి మే దాకా ఎండుగడ్డి మీద ఆపి ఇంజను నడవనిస్తే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. తోటకి కిందిదే తీసుకోండి, ఆపేటప్పుడు గడ్డి లేని చోట ఆపండి, అయిదు లీటర్ల నీళ్ళ క్యాను బండి మీదే ఉంచండి.

హెచ్‌పీ గురించి రెండు మాటలు చాలు. కుబోటా బీ2441, మహీంద్రా జీవో 245 రెండూ 24 హెచ్‌పీవే. మొదటిది మూడు సిలిండర్లు, రెండోది రెండు. మూడు సిలిండర్లకి అదురు తక్కువ, రోజంతా స్లాషర్ (గడ్డి కోసే పనిముట్టు) తోలేవాడి నడుముకి ఆ తేడా తెలుస్తుంది. రెండు సిలిండర్లది తక్కువ ఆర్‌పీఎంలో బాగా లాగుతుంది, గొర్రు పనికి హాయి. 28 హెచ్‌పీ దాకా వెళ్తే బరువూ వెడల్పూ పెరుగుతాయి. మామిడికి పర్లేదు, కోకో సందులో ఇబ్బంది. ఫోర్ వీల్ డ్రైవ్ మాత్రం వదులుకోవద్దు. జులైలో చెల్క తడిసినప్పుడు టూ వీల్ మినీ ఖాళీగా కూడా గట్టెక్కదు.

కొనేవాళ్ళు అడగనిదీ, తర్వాత అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేదీ పీటీఓ క్లచ్. పీటీఓ అంటే పనిముట్లని తిప్పడానికి బండి వెనక ఉండే ఇరుసు. ఈ సైజు బండ్లలో చాలావాటికి ఒకటే క్లచ్. తొక్కితే చక్రాలూ పీటీఓ రెండూ ఇంజను నుంచి విడిపోతాయి. కానీ గేరుబాక్సు లోపల ఆ రెండూ ఒకదానికొకటి కలిసే ఉంటాయి. స్లాషర్ తోలుతూ ఎదురుగా కోకో మొక్క వస్తే క్లచ్ తొక్కుతారు. బండి ఆగదు. జోరుగా తిరుగుతున్న స్లాషర్ బ్లేడు బరువు పీటీఓ షాఫ్టు గుండా వెనక్కి తన్ని చక్రాలను తోస్తుంది, బ్రేకు మీద నిలబడ్డా ఇంకో మూడు నాలుగడుగులు ముందుకి పోతుంది. కొత్త డ్రైవర్లు దీన్ని బ్రేకు లోపమనుకుని బ్రేకులు బిగిస్తూ ఉంటారు. మందు వేరే ఉంది. బండి పీటీఓకీ స్లాషర్ షాఫ్టుకీ మధ్య ఓవర్‌రన్నింగ్ కప్లర్ పెట్టాలి. ఆరు పళ్ళది, ఒకటీ మూడు బై ఎనిమిది అంగుళాల సైజు అని స్పష్టంగా అడగండి. అది ఒకవైపు మాత్రమే తిప్పుతుంది, బ్లేడు ఎంత తిరిగినా వెనక్కి తన్నదు. దాన్ని పెడితే షాఫ్టు పొడవు నాలుగంగుళాల దాకా పెరుగుతుంది, ఆ మేరకు గొట్టాలు రెండూ సమానంగా కోయాలి. కోయకుండా బిగించి, వెనక పనిముట్టుని మోసే లిఫ్ట్ ఎత్తితే షాఫ్టు కూరుకుపోయి పీటీఓ బేరింగు మీద పడుతుంది. అన్నిటికంటే దగ్గరికొచ్చినప్పుడు కూడా లోపల రెండంగుళాలు ఖాళీ ఉండాలి. ఎక్కువ సాగినప్పుడు గొట్టాలు కనీసం మూడోవంతు ఒకదానిలో ఒకటి ఉండాలి.

డబుల్ క్లచ్ బండి దొరికితే ఈ గొడవ లేదు: సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, స్లాషర్ తిరుగుతూనే ఉంటుంది. షోరూములో పీటీఓ వేసి, బండిని గేరులో కదిలించి, క్లచ్ సగం తొక్కి చూడండి. సేల్స్ కుర్రాడి మాట కంటే ఆ పరీక్ష నమ్మకం.

నేలని తిరగేసి గుల్ల చేసే రోటవేటర్ మూడున్నర అడుగులది చాలు, అదీ గేరు డ్రైవ్‌ది. చైను డ్రైవ్ కాస్త చవక, కానీ మామిడి వేరుకి తగిలిన రోజు చైను తెగుతుంది. ఎకరానికి రెండు నుంచి రెండున్నర గంటలు, గంటకి మూడు లీటర్ల పైచిలుకు డీజిల్. లోతు నాలుగంగుళాలు దాటనివ్వద్దు, పామాయిల్ పాదులోకి అసలు దించొద్దు. తిండి తినే సన్నవేళ్ళన్నీ పైపొరలోనే ఉంటాయి, అవి తెగితే ఆ దెబ్బ గెలల మీద కనబడుతుంది. వేళ్ళున్న చోట ఎల్ ఆకారం బ్లేడ్లకి తీగా గడ్డీ చుట్టుకుంటాయి, సీ ఆకారానివి తక్కువ చుట్టుకుంటాయి. కొత్త బ్లేడ్ల బోల్టులు మొదటి రెండు గంటల తర్వాత మళ్ళీ బిగించాలి. బిగించకపోతే కన్నం కోడిగుడ్డు ఆకారంలో అరిగి, తర్వాత ఏ బోల్టూ నిలవదు.

డ్రిప్ ఉన్న తోటలో రోటవేటర్‌కి అసలు శత్రువు 16 ఎంఎం లేటరల్ పైపు. గడ్డిలో కనబడదు, ఒక బ్లేడు అందుకుందంటే రెప్పపాటులో ఇరవై మీటర్లు రోటరుకి కండెలా చుట్టుకుంటుంది. అప్పుడు రివర్సులో తిప్పి విప్పుదామని చూడొద్దు. ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, లిఫ్ట్ కింద మొద్దు పెట్టి, హ్యాక్సా బ్లేడుతో పొడవునా కోసి చుట్లు ఊడదీయాలి. పని అక్కడితో అయిపోలేదు. రోటరు రెండు చివర్లా బేరింగు ముందున్న సీలు దగ్గర వేలు పెట్టి చూడండి. కరిగిన ప్లాస్టిక్ సన్న దారంలా సీలు పెదవి కిందికి దూరి ఉంటుంది. దాన్ని వదిలేస్తే వారంలో ఆ చివర మట్టి నల్లగా జిడ్డు పడుతుంది, అంటే నూనె కారుతోందన్నమాట. నెలలో బేరింగు పోతుంది. సీలు వందల్లో అయ్యే పని, బేరింగూ షాఫ్టూ వేలల్లో. మా లెక్కలో ఆరేళ్ళలో సీళ్ళు నాలుగుసార్లు, బేరింగు ఒకసారి.

మందు కొట్టే ట్యాంకు దగ్గర కొలత తప్పేవాళ్ళు ఎక్కువ. లిఫ్ట్ 750 కిలోలు ఎత్తుతుందని పుస్తకంలో ఉంటుంది, అది పనిముట్టు తగిలించే లింకుల చివర. 400 లీటర్ల ట్యాంకు, పంపు, ఫ్రేము కలిపి 480 కిలోలు, ఆ బరువు లింకుల చివర నుంచి ఇంకో రెండడుగులు వెనక్కి వేలాడుతుంది. లిఫ్ట్ ఎత్తేస్తుంది, ముందు చక్రాలు కూడా లేచిపోతాయి. స్టీరింగు దూదిలా తిరిగితే ముందు టైరు నేలని పట్టడం లేదనే లెక్క. అప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ పేరుకే. 200 లీటర్ల ట్యాంకుకి ముందు 20 కిలోల దిమ్మలు నాలుగు వేస్తే సరిపోతుంది. ఎక్కువ నీళ్ళు కావాలంటే చక్రాల మీద లాగే 500 లీటర్ల ట్యాంకు తీసుకోండి. సగం ఖాళీ అయిన ట్యాంకుతో గట్టుకి అడ్డంగా తోలొద్దు. నీళ్ళు ఒక పక్కకి ఊగితే మూడున్నర అడుగుల వెడల్పు బండి పడిపోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. నిటారు గట్టు ఎక్కాలంటే రివర్సులో ఎక్కించండి.

టైర్లు. మట్ట మొదట్లో ఉండే ముళ్ళు పక్కగోడలోంచి దిగుతాయి, పైన విరిగిపోయి లోపల మొన మిగులుతుంది. ట్యూబు మార్చినా మళ్ళీ పంచరయ్యేది దానివల్లే. టైరు లోపల గుడ్డతో తుడవండి, గుడ్డ ఎక్కడ పట్టుకుంటే ముల్లు అక్కడుంది. వేలితో తడమొద్దు. మట్టలు సాలు విడిచి సాలులో గుట్టలేస్తే బండి తిరిగే సాలు శుభ్రంగా ఉంటుంది, పంచర్లు సగానికి తగ్గాయి. ముందు టైర్లు అరిగాయని ముందువి మాత్రమే వేరే సైజువి వేయించొద్దు. ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు చక్రం వెనకదానికంటే ఒకటి నుంచి అయిదు శాతం ఎక్కువ తిరిగేలా కంపెనీ లెక్క కట్టి ఉంటుంది. ఆ లెక్క తప్పితే రబ్బరు అరుగుతుంది, ముందు గేర్లు మూలుగుతాయి. తారు రోడ్డు ఎక్కగానే ఫోర్ వీల్ లీవరు తీసేయాలి, మన డ్రైవర్లు మరిచిపోయేది ఇదొక్కటే. మా ముందు టైర్లు 1,300 గంటలకే పోవడానికి కారణం ఇదే.

రేడియేటరు జాలీ ఎండాకాలంలో రెండు గంటలకోసారి తీసి దులపండి. నీళ్ళు కొడితే ఫ్యాను వైపు నుంచి బయటికి, నెమ్మదిగా.

ఇంజను నూనె మొదట 50 గంటలకి, తర్వాత 250కి ఒకసారి. వర్షాకాలం అయ్యాక ముందు యాక్సిల్ నూనె దింపే బోల్టు వదులు చేసి చుక్క చూడండి. పాలరంగులో ఉంటే నీళ్ళు చేరాయి, హబ్బు సీలుకి తీగ చుట్టుకుని ఉంటుంది. 2023 జనవరి నుంచి వచ్చిన ట్రెమ్ 4 కాలుష్య నిబంధన 50 హెచ్‌పీ పైబడిన బండ్లకే. కాబట్టి మా బండిలో మామూలు డీజిల్ పంపే ఉంది, సెన్సర్ల గోల లేకుండా ఊరి మేస్త్రి విప్పగలడు.

ఖర్చులో దాగి ఉండేది పనిముట్లు. మినీకి కింది లింకు పిన్ను 22 ఎంఎం, పెద్దబండి పనిముట్లకి 28. లింకుల మధ్య దూరం కూడా తక్కువ. పక్కవాళ్ళ గొర్రు అరువు తెచ్చుకుందామంటే పట్టదు. రోటవేటరు, స్లాషరు, గొర్రు, ట్యాంకు, టన్ను మోసే ట్రక్కు (ట్రైలరు) అన్నీ కొనాల్సిందే, బండి ధరలో మూడోవంతు దాకా వాటికే పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, టైర్లూ విడిభాగాల మీద 18 నుంచి 5కి తగ్గింది. పాత కొటేషన్ చూపిస్తే కొత్తది రాయించుకోండి.

గెలలు మూడు టన్నులు ఒకేసారి ఫ్యాక్టరీ దాకా తోలదామనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు. లాగుతుంది, దిగుడులో ఆపలేదు. వరి దమ్ము ప్రధానమైనా వద్దు. అయిదెకరాల్లోపు తోటకి పవర్ వీడరు (వెనక నడుస్తూ తోలే కలుపు యంత్రం) చాలు.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్ళు ముందు చక్రాన్ని జాకీ మీద ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపండి. టక్కుమని శబ్దం వస్తే హబ్బు బేరింగు. పీటీఓ షాఫ్టుని చేత్తో తిప్పి పళ్ళ అంచులు చూడండి. ఒక వైపు వాలుగా అరిగి ఉంటే ఆ బండి కప్లర్ లేకుండా స్లాషర్ తోలిన బండి, క్లచ్ ప్లేటు ఖర్చు కూడా బేరంలో కలిపి అడగండి.