జోడీ వరసలు నేర్చుకోవడానికి మూడు ఊళ్ళు: తిరువనంతపురం, టోక్యో, నాహా

ఎవరు ఏ దెబ్బ వేయాలో, ఎదుటివాడు దాన్ని ఎలా కాచుకోవాలో ముందే ఖాయం చేసిన జోడీ వరసలు దాదాపు ప్రతి యుద్ధకళలోనూ ఉన్నాయి. వాటి కోసం ప్రయాణం పెట్టుకునేవాళ్ళు గురువు పేరు, పరంపర, ఫీజు అన్నీ వాకబు చేస్తారు. అడగడం మరిచేది ఒకటే: అక్కడ మన మీద దెబ్బ వేసేదెవరు? ఏ దెబ్బ అన్నది వరసే చెబుతుంది. ఎప్పుడు వస్తుంది, ఎంత దూరం నుంచి వస్తుంది అన్నవి మాత్రం దాడి చేసేవాడి చేతిలో ఉంటాయి. నేర్చుకునేదంతా ఆ రెండింటిలోనే ఉంది. జపాన్ కత్తి సంప్రదాయాల్లో సీనియర్ ఓడిపోయే వైపు నిలబడేది ఇందుకే. 1912లో స్థిరపడిన కెండో (జపాన్ కత్తిసాధన) కటాలు, అంటే ఖాయం చేసిన వరసలు, పదింటిలోనూ (ఏడు పొడవు కత్తివి, మూడు పొట్టి కత్తివి) దాడి చేసి ఓడే ఉచిదాచి పాత్ర పెద్దవాడిదే. కొత్తవాళ్ళిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి వరస చెప్పించే చోట ఎన్నాళ్ళున్నా ఒరిగేది తక్కువ.

తిరువనంతపురంలో ఈస్ట్ ఫోర్ట్ దగ్గరున్న సీవీఎన్ కళరి, అంటే కేరళ యుద్ధకళ కళరిపయట్టు నేర్పే సాధనశాల, 1956 నుంచి నడుస్తోంది. ఉదయం సాధనను బయటివాళ్ళు పైన కూర్చుని చూడొచ్చు. ఆదివారం సెలవు, మిగతా రోజుల వేళలు ముందురోజే కనుక్కోవాలి. చెప్పులు బయటే. సాధకులు కుడికాలు ముందు పెట్టి దిగి, నేలకు, నైరుతి మూలనున్న పూతరకు (మెట్ల పీఠానికి) మొక్కుతారు. సంప్రదాయ కొలతల్లో కళరి 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు, నేలమట్టానికి దిగువన తవ్విన మట్టినేల. ఆ వెడల్పులో కెట్టుకారి, అంటే దాదాపు మనిషెత్తు కర్ర, పట్టుకున్న జంటలు ఎక్కువ పట్టవు. కాబట్టి సాధనలో కొంత భాగం గోడవార నిలబడి చూడటమే. అదీ వృథా కాదు.

చూసేటప్పుడు కళ్ళు కర్రల మీద కాక దాడి చేసేవాడి ముందుకాలి మీద పెట్టండి. దెబ్బతో పాటు కాలు లోపలికి వస్తే ఆ దెబ్బ తలకు అందుతుంది. కాలు అక్కడే ఉండి చేతులే సాగితే అది ఎదుటి కర్రకు వేసిన దెబ్బ. టక్కుమని చప్పుడొస్తుంది, చూడ్డానికి బాగుంటుంది, కాచుకోకపోయినా ఏమీ కాదు. తేక్కడి లాంటి పర్యాటక కేంద్రాల్లో సాయంత్రం జరిగే కళరి ప్రదర్శనల్లో కత్తి డాలు మీదికే పోయేదీ ఇందుకే. అది జనం కోసం కట్టిన వరస, తప్పుపట్టాల్సిన పనిలేదు, కానీ టికెట్ కొని చూసి కళరి ఇంతేనని వెనక్కి రాకూడదు.

రెండో తేడా వాయ్‌తారి దగ్గర వస్తుంది. గురుక్కళ్ (గురువు) నోటితో ఇచ్చే ఈ ఆదేశాల మీద కదలడం మొదట్లో అవసరమే. కొన్నాళ్ళకు ఒళ్ళు మాటకే అలవాటు పడి, దెబ్బ రాకముందే కాపు లేచిపోతుంది. మూడు జానల పొట్టి కర్ర చెరువడితో దెబ్బలు వెంటవెంటనే పడతాయి కాబట్టి ఈ జబ్బు అందులో తొందరగా బయటపడుతుంది. సీనియర్ ఒక్క దెబ్బను అర క్షణం ఆపితే చాలు, శిష్యుడి కర్ర గాల్లో ఉండిపోతుంది. ఇలా ఆపి పరీక్షించే పెద్దలున్న కళరి దొరికితే వదలొద్దు.

అసలు చిక్కు కాలంతోనే. మెయ్‌పయట్టు, అంటే ఒంటి సాధన, కుదిరాక గాని చేతికి కర్ర ఇవ్వరు, ఒట్ట (వంకర కర్ర ఆయుధం), కత్తి-డాలు ఇంకా తర్వాత. రెండు వారాలకు వచ్చినవాళ్ళు జోడీ వరసల గడప కూడా తొక్కరు. అంత తక్కువ సమయంలో ఆయుధం పట్టిస్తామని ఎవరైనా మాటిస్తే అనుమానించాల్సిందే. బస విషయంలో చాలామంది చేసే పొరపాటు కోవళంలో గది తీసుకోవడం. సముద్రం బాగుంటుంది గానీ ఊళ్ళోకి సుమారు 15 కిలోమీటర్లు, పొద్దున్నే ఆటో కోసం పాట్లు. తంపానూర్ రైల్వే స్టేషన్ చుట్టుపక్కల సాదా లాడ్జి తీసుకుంటే నడిచే వెళ్ళొచ్చు. ఉళిచ్చిల్ మర్దన కూడా అనుకుంటే కర్కాటక మాసం, అంటే జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు, అనువైన కాలమంటారు.

టోక్యోలో కొడోకాన్ సంగతి పూర్తిగా వేరు. 1882లో కానో జిగోరో ఒక గుడిలో మొదలుపెట్టిన జూడో కేంద్రానికి ఇప్పుడు బుంక్యో వార్డులో బహుళ అంతస్తుల భవనం ఉంది. కసుగా, కొరాకుయెన్ స్టేషన్లు దగ్గరే. ఏడో అంతస్తులో 420 తాతామీ చాపల ప్రధాన డోజో (సాధనశాల), ఎనిమిదిలో చూసేవాళ్ళకు సీట్లు. మామూలు సాయంత్రాల్లో అక్కడ నడిచేది ఎక్కువగా రాండోరి, అంటే స్వేచ్ఛగా పట్టుపట్టే సాధన. కటా చేయాలంటే జోడీని మీరే వెతుక్కోవాలి. అందుకే కటా కోసమే వెళ్ళేవాళ్ళు వేసవిలో జరిగే కటా కోర్సు తేదీలు చూసుకుని టికెట్ కొనడం నయం, లేదా తమ జోడీని వెంట తెచ్చుకోవాలి.

ఏ కటా ఎంచుకోవాలన్నది ఒళ్ళును బట్టి. నాగె-నో-కటాలో 15 విసుర్లు: చేయి, నడుము, కాలు, వెల్లకిలా పడుతూ విసిరేవి, పక్కకు పడుతూ విసిరేవి, ఒక్కో గుంపులో మూడు. ప్రతిదీ కుడికీ ఎడమకీ కాబట్టి ఉకె, అంటే పడేవాడు, ఒక్క ఆవృత్తిలో 30 సార్లు పడతాడు. విమానం దిగిన మర్నాడే దీనికి దిగితే మెడ పట్టేస్తుంది. మొదటిదైన ఉకి-ఒతోషిలోనే అందరి గుట్టూ తెలిసిపోతుంది. తోరి, అంటే విసిరేవాడు, మూడడుగులు వెనక్కి వేస్తూ లాగుతాడు, మూడో అడుగులో ఎడమ మోకాలు దించుతాడు. లాగుడు నిజమైతే ఉకె బరువు కాలివేళ్ళ మీదికి వచ్చి, నిలబడలేక ఎగురుతాడు. లాగుడు లేకపోతే ఉకె మర్యాదకు తనే గెంతుతాడు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేల్చుకోవడానికి ఉకె మూడో అడుగు వేసి ఆగిపోవాలి. అప్పుడూ పడితేనే అది విసురు. పోటీ కోసం అందంగా తీర్చిదిద్దిన కటాల్లో ఈ గెంతుడు మరీ ఎక్కువ.

కతామె-నో-కటాకు అంత పేరు రాలేదు గానీ, శిక్షణ విలువలో మా మార్కులు దానికే. ఇందులోనూ 15 పట్లే: అదిమిపట్టేవి, గొంతు పట్లు, కీళ్ళ పట్లు, అయిదేసి. ఉకె ఊరికే పడుకోడు, విడిపించుకోవడానికి వేర్వేరు వైపుల ప్రయత్నించాలి. ఆ ప్రయత్నం బలంగా జరిగిందా, ఖాయం చేసిన వరసైనా ప్రాణం వస్తుంది. పడలేని వయసువాళ్ళకు జు-నో-కటా ఉంది, అందులో విసురు చివరిదాకా వెళ్ళదు, మామూలు బట్టల్లోనూ చేసుకోవచ్చు. 1956లో వచ్చిన ఆత్మరక్షణ కటా గోషిన్-జుత్సులో 21 పద్ధతులు ఉన్నాయి. చివరి మూడు పిస్తోలు మీదివి. దూరం, వేళ ఎలా తప్పుతాయో చూసి తెలుసుకోవడానికి అవి పనికొస్తాయి, ఆత్మరక్షణ అనుకుని నమ్ముకోవడానికి కాదు.

కొడోకాన్ భవనంలోనే సాధకులకు బస ఉంది. సౌకర్యాలు హోటల్లా ఆశించొద్దు గానీ, లిఫ్ట్ ఎక్కితే డోజో. ముందే రాసి ఖాళీ ఉందో లేదో తెలుసుకోవాలి. దొరక్కపోతే సుయిదోబాషి వైపు చిన్న హోటళ్ళు చూడండి. టోక్యోలో దూరంగా చవక గది తీసుకుంటే తడిసిన జూడోగి (జూడో దుస్తులు) మోసుకుంటూ రైళ్ళు మారాల్సి వస్తుంది.

ఒకినావా రాజధాని నాహాకు పక్కనే, తొమిగుసుకులో 2017లో కరాటే కైకాన్ తెరిచారు. డోజో, ప్రదర్శనశాల ఉన్నాయి. అసలు ఉపయోగం అక్కడి సమాచార కేంద్రం. మీ శైలి, స్థాయి, తేదీలు రాసి పంపితే తగిన డోజోతో కలుపుతారు. చిన్న వీధి డోజోల తలుపు నేరుగా తట్టడం కన్నా ఇదే మంచి దారి. కరాటేలో జోడీ వరస అంటే చాలాచోట్ల ఒక అడుగు వెనక్కి వేసి, గట్టిగా అరిచి, ముందే చెప్పి కొట్టే యకుసోకు కుమితే. ఆ దూరం నుంచి ఎవరూ కొట్టరు. ఒకినావా కరాటే గురువు మొతోబు చోకి 1926లో అచ్చువేసిన 12 కుమితేలు దానికి విరుద్ధంగా, ఇద్దరి చేతులూ అందేంత దగ్గరలో నడుస్తాయి. దగ్గర వరసలు నేర్పే డోజో కావాలని ఉత్తరంలోనే రాయండి, లేకపోతే సోలో కటాలు దిద్దించుకుని తిరిగొస్తారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో తుపాన్లకు విమానాలు రద్దవుతాయి. అక్టోబరు మెరుగు, 25న కరాటే దినం కూడా.

పది రోజులే చేతిలో ఉండి జూడోలో పడటం వచ్చినవాళ్ళకు కోర్సు వేళ టోక్యో. మూడు నెలలు తీయగలిగితే తిరువనంతపురం. కరాటే పునాది ఉండి, ఉన్నదానికి దూరం సరిచేసుకోవాలంటే నాహా. కర్రలు మోసుకెళ్ళొద్దు, కళరిలో వాళ్ళవే ఇస్తారు, మనిషెత్తు కర్రకు విమానంలో అదనపు సామాను రుసుము దండగ. కొడోకాన్‌కు తెల్ల జూడోగి రెండు జతలు పెట్టుకోండి, వానల్లో ఒకటి రాత్రికి ఆరదు.