ఉయ్యూరులో చైన్ చప్పుడుకు అసలు కారణం పట్టే మెకానిక్ షెడ్డు

బండి వెనుక నుంచి చప్పుడు వస్తోందని చెప్పగానే స్పానర్ అందుకునే మెకానిక్‌లే ఎక్కువ. విప్పకముందే ఆ చప్పుడు ఎక్కడ పుడుతోందో తేల్చేవారు అరుదు. ఉయ్యూరులో అలాంటి పెద్దాయన ఒకరున్నారు. షెడ్డుకు బోర్డు లేదు, పైన రేకులు, ముందు ఒక బల్ల, అంతే. అక్కడ జరిగిన పని చూశాక దాని గురించి వివరంగా రాయాలనిపించింది.

నాది పాల సేకరణ కేంద్రాలను తనిఖీ చేసే ఉద్యోగం. తోట్లవల్లూరు వైపు కరకట్ట మీద తిరగక తప్పదు. ఇసుక లారీలు వెళ్ళే దారి కాబట్టి ఎండాకాలం దుమ్ము, వానాకాలం ఇసుక కలిసిన బురద. బండి హోండా షైన్. చైన్ చుట్టూ పూర్తిగా రేకు కవరు ఉంటుంది గనుక లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపించదు, చెవికే తెలియాలి. కొంతకాలంగా నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఆగి ఆగి ‘టక్’ మని వినిపించేది. ఊళ్ళో వేరే చోట చూపిస్తే చైన్ వదులైందన్నారు, బిగించి పంపారు. ‘టక్’ పోలేదు సరికదా, వేగం పెరిగేకొద్దీ సన్నని మూలుగు కూడా మొదలైంది.

ఉయ్యూరు పెద్దాయన ముందు నన్నే బండి నడపమని, పక్కన నడుస్తూ విన్నారు. తర్వాత ఇంజిన్ ఆపించి, న్యూట్రల్‌లో బండిని తోయించారు. చప్పుడు అలాగే ఉంది. “ఇంజిన్ సంగతి వదిలెయ్ బాబూ, ఇది వెనకాల వ్యవహారమే” అన్నారు. బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టి, తాళం తీసి తన చొక్కా జేబులో వేసుకున్నారు. ఇంజిన్ నడుస్తుండగా, గేరులో వేసి చైన్ తిప్పుతూ వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను చూశానని, తన షెడ్డులో ఆ పని ఎవరూ చేయకూడదని చెప్పారు. పక్కనున్న కుర్రవాడు కూడా అదే పద్ధతి పాటిస్తున్నాడు.

కవరు విప్పాక ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది. సుద్దముక్కతో టైరు మీద ఒక గీత, చైన్ లింకు మీద ఒక గుర్తు పెట్టి, చేత్తో చక్రం తిప్పసాగారు. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకే చోట చప్పుడు వస్తే బేరింగో, బ్రేకో, వెనుక పళ్ళచక్రమో చూడాలి. చైన్‌ది అయితే అలా రాదు. మా బండి లాంటివాటిలో చైన్ ఒక పూర్తి చుట్టు తిరగడానికి చక్రం సుమారు రెండున్నర నుంచి మూడు చుట్లు తిరగాలి. టైరు మీద గీత ఎక్కడెక్కడో ఉండగా, చైన్ మీద సుద్ద గుర్తు మాత్రం ఒకే చోటికి వచ్చినప్పుడల్లా ‘టక్’ మంది. ఆ లింకును వేళ్ళతో వంచి చూపించారు. మిగతావి మెత్తగా వంగుతుంటే అది మాత్రం తుప్పుపట్టి వంగిన చోటే బిగుసుకుపోయింది. పళ్ళచక్రం దాటాక నిటారు కాలేక ఎగిరి కవరుకు తగులుతోందన్నమాట.

మూలుగు సంగతి కూడా అక్కడే బయటపడింది. అరిగిన చైన్ అంతటా ఒకేలా సాగదు. చక్రం కాస్త కాస్త తిప్పుతూ కింది వరుసను వేలితో పైకీ కిందికీ ఆడిస్తే ఒక చోట బాగా వదులు, ఇంకో చోట తీగలాగా బిగువు. ముందు బిగించినవారు వదులుగా ఉన్న చోట చూసి బిగించారు, దాంతో బిగువు చోట మరీ లాగేసింది. మనిషి కూర్చుంటే వెనుక భాగం దిగి చైన్ ఇంకా బిగుస్తుంది. ఆ బరువంతా గేరుబాక్సు షాఫ్టు బేరింగు మీద పడుతుంది. అందుకే కొలిచేది ఎప్పుడూ బిగువైన చోటే. చిన్న బండ్లలో చాలావాటికి 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట (పైకీ కిందికీ కదలిక) ఉండాలి, కచ్చితమైన కొలత బండి పుస్తకంలో ఉంటుంది.

ఇంత తెలిశాక కూడా వెంటనే కొత్త చైన్ అనలేదు. పాతది విప్పి, లాగిపట్టి 20 లింకుల పొడవు కొలిచారు. ఒక్కో లింకు 12.7 మిల్లీమీటర్లు కాబట్టి కొత్తదైతే 254 ఉండాలి. నాది 260 దాటింది. పళ్ళు కూడా ఒక వైపుకు వాలి కొక్కేల్లా తయారయ్యాయి. రెండు పళ్ళచక్రాలతో సహా కిట్టు మొత్తం మార్చాలన్నారు. అరిగిన పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే అది కూడా త్వరగా పాడవుతుంది. నేను ఒప్పుకున్నాను.

బిగింపులోనూ అదే శ్రద్ధ. చైన్ రెండు కొసలను కలిపే లాక్ క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ కదిలే దిశకు ఉండేలా పెట్టారు, తిరగబెడితే దేనికైనా తగిలి ఊడిపోయే ప్రమాదం ఉంది. చక్రం వంకరగా లేకుండా రెండు వైపులా గీతలు సరిచూసి యాక్సిల్ (ఇరుసు) బిగించారు. హబ్బులోని (చక్రం నడిమి భాగంలోని) కుదుపు రబ్బర్లు నొక్కి చూసి ఇంకా బాగున్నాయని మార్చలేదు. చక్రం జరిగింది కాబట్టి వెనుక బ్రేకు పెడల్ ఆటను కూడా సరిచేశారు. చివరికి నన్ను బండి మీద కూర్చోబెట్టి మళ్ళీ ఆట చూశారు. కిట్టుకు 1,400, కూలికి 250 రూపాయలు తీసుకున్నారు. ఆ కూలి చాలా తక్కువని నా అభిప్రాయం.

నూనె విషయంలో ఆయన మాట విని లాభపడ్డాను. బండి నడిపి వచ్చి చైన్ వెచ్చగా ఉన్నప్పుడు, కవరుకున్న రబ్బరు మూత తీసి, కింది వరుస లోపలి వైపున 90 నంబరు గేర్ ఆయిల్ చుక్కలుగా వేస్తూ చక్రాన్ని చేత్తో తిప్పుతున్నాను. రాత్రంతా వదిలేస్తే రోలర్ల సందుల్లోకి దిగుతుంది. సుమారు 500 కిలోమీటర్లకోసారి, వానలో తడిస్తే అంతకంటే ముందే. వాడేసిన ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, అందులోని మసి, లోహపు రజను చైన్‌ను ఇంకా అరగదీస్తాయి. రబ్బరు రింగులున్న చైన్ అయితే పెట్రోలు, ఇనుప బ్రష్షు దగ్గరికి రానివ్వకండి. రింగులు పాడైతే లోపలి గ్రీజు పోతుంది.

లోపాలూ చెప్పాలి. కొత్త చైన్‌కు కుర్రవాడు నూనె మరీ ఎక్కువ పోశాడు, తుడవలేదు. ఇంటికి వచ్చేసరికి టైరు అంచు మీద చిందింది. అది జారుడు ప్రమాదం, ఈ ఒక్క విషయంలో షెడ్డువాళ్ళు తప్పకుండా మారాలి. బిల్లు కూడా ఇవ్వరు, కాబట్టి కిట్టు మీరే రసీదుతో కొనుక్కుని వెళ్ళడం మంచిది. సాయంత్రం రద్దీలో వెళ్తే వినే తీరిక ఆయనకు ఉండదు, పొద్దున్నే వెళ్ళండి. చైన్‌ను కడిగి తీసుకెళ్ళకండి. మురికి ఏ వైపు పేరుకుందో, తుప్పు ఎక్కడుందో ఆయన ముందు చూడాలంటారు.