ట్రైలర్‌కి సిజర్ జాకీలు, ఆరు నెలలు వాడాక

మా క్యాంపింగ్ ట్రైలర్‌కి నాలుగు మూలలా సిజర్ జాకీలు (హ్యాండిల్ తిప్పితే కత్తెరలా తెరుచుకుని నేలకి ఆనే కాళ్ళు) ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించి ఆరు నెలలైందండీ, ఇప్పుడు పిల్లలు గెంతినా మంచం ఊగట్లేదు, అరకులో రాత్రంతా హాయిగా పడుకున్నాం, కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు. కాకపోతే ఇవి బండిని లేపడానికి కాదు, ఊగకుండా ఆపడానికే. ముందు టైరు కింద చెక్కలేసి లెవెల్ చూస్కుని, చక్రాలకి అడ్డు పెట్టి, అప్పుడు కారు నుంచి విప్పి, ఆ తర్వాతే జాకీలు దించాలి. భీమిలి ఇసుకలో జాకీ కింద పలక వెయ్యకపోతే ఒక మూల జానెడు దిగిపోయింది.

అసలు బాధ తుప్పు. మన వైజాగ్ ఉప్పు గాలికి రెండో నెలకే స్క్రూ మరల్లోంచి ఎర్రటి పొడి రాలింది, హ్యాండిల్ తిప్పితే కిర్రుమనేది. ఇప్పుడు బీచ్ నుంచి రాగానే మంచినీళ్ళతో కడిగి, ఆరాక గ్రీజు రాస్తున్నా, ఒంటి చేత్తో తిరుగుతోంది.