ఓ2 హెడ్‌ఫోన్ ఆంప్, హెచ్‌డీ 650 జోడీ: నాలుగేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా. ఆంప్ (హెడ్‌ఫోన్‌కి వెళ్లే సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫయర్ పెట్టె) తగిలించగానే తెర తొలగినట్టయింది, వందసార్లు విన్న పాటలో కూడా ఎప్పుడూ వినని చప్పుళ్లు వినిపించాయి లాంటి మాటల కోసం వచ్చుంటే ఇక్కడ దొరకవు. నేనూ అవన్నీ చదివే కొన్నా. మొదటి రోజు రాత్రి తీగలన్నీ తగిలించి, లైటు ఆపేసి, కళ్లు మూసుకుని మరీ కూర్చున్నా. అరగంటయ్యాక ఏమనిపించిందంటే, ఏమీ అనిపించలేదు. పాట పాటలాగే ఉంది, కాస్త గట్టిగా వస్తోంది, అంతే. ఉసూరుమని పడుకున్నా. నాలుగేళ్ల తర్వాత ఇప్పుడు అదే దాని గొప్పతనం అంటున్నా. మాట మార్చానని కాదు, మధ్యలో కొన్ని సంగతులు జరిగాయి.

వస్తువు గురించి రెండు ముక్కలు. ఓ2 అంటే ఆబ్జెక్టివ్ 2. ఇది ఒక కంపెనీ సరుకు కాదు. ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో రాసే ఒక ఇంజనీరు 2011లో దీని సర్క్యూట్ మొత్తం భాగాల జాబితాతో, తను తీసిన కొలతలతో సహా బయట పెట్టేసి, ఎవరికి కావాలంటే వాళ్లు చేసుకోండన్నాడు. అసలు పేరు మాత్రం చెప్పలేదు. 2012లో రాయడం ఆపేశాడు, ఆ తర్వాత అలికిడి లేదు. కానీ ఆ డిజైన్ మాత్రం ఎందరి చేతుల్లోనో బతుకుతూనే ఉంది. లోపల చూస్తే మెరిసే గొట్టాలూ, బంగారు పూతలూ ఏమీ ఉండవు. మామూలు ఆప్-ఆంప్ చిప్‌లు, రెసిస్టర్లు, రెండు 9 వోల్టుల బ్యాటరీలకు చోటు, అంతే. నేనైతే ఎవరో బిగించి పెట్టిందే తీసుకున్నా, సోల్డరింగ్‌లో నా పనితనం చూసినవాళ్లు ఎందుకో అడగరు.

దీనికి జోడీ సెన్‌హైజర్ హెచ్‌డీ 650 హెడ్‌ఫోన్. 2003 నాటి మోడల్, ఓపెన్ బ్యాక్ (అంటే వెనక పక్క మూసి ఉండదు), ఇంపిడెన్స్, అంటే కరెంటుకి పెట్టే అడ్డు, 300 ఓమ్‌లు. ఆంప్‌కి ముందు రెండు వోల్టులిచ్చే చిన్న యూఎస్‌బీ డాక్ (కంప్యూటర్‌లోని డిజిటల్ పాటని ఆడియో సిగ్నల్‌గా మార్చేది) ఒకటి, పేరు అనవసరం, ఈ మధ్య వచ్చే ఏ మంచి డాక్ అయినా ఇదే పని చేస్తుంది.

డాక్ సంగతి వచ్చింది కాబట్టి ఒక నిజం ఒప్పుకోవాలి. నేను ఈ గొడవలోకి దిగింది నా పాత ల్యాప్‌టాప్ జాక్ వల్ల. పాట ఆపేసి పేజీ పైకీ కిందకీ జరిపితే చాలు చెవిలో కిరకిర. మౌస్ కదిపితే ఒక రకం, ఫైల్ కాపీ అవుతుంటే ఇంకో రకం, కొన్నాళ్లకి చూడకుండానే కంప్యూటర్ ఏం చేస్తోందో చెప్పగలిగే స్థాయికొచ్చా. కొత్త సెట్ పెట్టగానే అది పూర్తిగా పోయింది. చాలామంది ఇలాంటి చోటే ఆంప్‌ని మెచ్చుకుంటారు. కానీ ఆ కిరకిర పోగొట్టింది ఆంప్ కాదు, మదర్‌బోర్డు రొదకు దూరంగా కూర్చున్న డాక్. అది ఒక్కటే కొనుక్కుని ఊరుకున్నా నా ఆ బాధ తీరిపోయేది.

మరి ఆంప్ ఎందుకు? లెక్క చూద్దాం, బోర్ కొడితే ఈ పేరా దాటేయండి. హెచ్‌డీ 650కి ఒక వోల్టు ఇస్తే 103 డెసిబెళ్లు వస్తుందని కంపెనీ లెక్క. హెడ్‌ఫోన్ పెట్టుకోవడానికి ఫోన్‌కి తగిలించే చిన్న తోక, అదే డాంగిల్, మంచిదైతే పూర్తి వాల్యూమ్‌లో ఇచ్చేది సుమారు ఆ ఒక్క వోల్టే. 103 అంటే చాలా గట్టి శబ్దమే కదా అనిపిస్తుంది, కానీ అది పాటలో అన్నిటికన్నా ఎత్తైన క్షణానికి. ఈ కాలం పాటల్లో అంతా ఒకే మట్టంలో మోత మోగుతుంటుంది కాబట్టి వాటికి డాంగిల్ హాయిగా సరిపోతుంది. గుసగుస నుంచి వాద్యబృందం మొత్తం ఒక్కసారి విరుచుకుపడేదాకా వెళ్లే రికార్డింగులు వేరు. వాటిలో సగటు శబ్దం ఆ ఎత్తుకి 20 డెసిబెళ్ల కిందెక్కడో ఉంటుంది. అక్కడ డాంగిల్ వాల్యూమ్ చివరంటా వెళ్లిపోయి, ఇంకాస్త ఉంటే బాగుండు అనిపిస్తుంది. ఓ2లో గెయిన్, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలన్నది, రెండు రకాలు: లో (తక్కువ), హై (ఎక్కువ). నా డాక్ ఇచ్చే రెండు వోల్టుల్ని లో గెయిన్‌ 2.5 రెట్లు పెంచి ఐదు చేస్తుంది, అంటే ఒక వోల్టుతో పోలిస్తే 14 డెసిబెళ్లు అదనం. ఆ అదనమంతా వాడితే చెవులు పోతాయి, వాడకండి. వాల్యూమ్ నాబ్ సగం కూడా తిప్పక్కర్లేదన్న నిశ్చింత కోసమే అది.

ఇక అసలు కథ. కొన్న రెండో వారంలో హెడ్‌ఫోన్ బొంగురుపోయింది. ఎప్పుడూ కాదు. పాడేవాళ్లు గొంతెత్తినప్పుడు, డ్రమ్ముల మీద దెబ్బ గట్టిగా పడ్డప్పుడు, అంచుల్లో చిన్న చిరుగు. వాల్యూమ్ తగ్గించి చూశా, చిన్నగా చిరుగుతోంది. పెంచితే పెద్దగా చిరుగుతోంది. నాబ్‌తో సంబంధమే లేదు! హెడ్‌ఫోన్ లోపల శబ్దం పుట్టించే డ్రైవరే పోయిందనుకుని గుండె జారింది. తీగ మార్చా, పిన్నులు తుడిచా, కంప్యూటర్‌లో డాక్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశా, యూఎస్‌బీ పోర్టు మార్చా. వింతేంటంటే పాత నెమ్మది రికార్డింగుల్లో శుభ్రంగా ఉంది, కొత్త పాటల్లోనే ఈ రోగం. రికార్డింగుల్నీ తిట్టుకున్నా. మూడు రోజులు ఆడలేక మద్దెల ఓడన్నట్టు అందరి మీదా పడ్డా.

మా తమ్ముడు వచ్చి ఒక్క నిమిషం చూసి, "ఈ బటన్ ఎందుకు లోపలికి నొక్కి ఉంది?" అన్నాడు. గెయిన్ బటన్. తీగలు సర్దుతున్నప్పుడు నా వేలే తగిలినట్టుంది, హైలోకి వెళ్లిపోయింది. హైలో ఓ2 వచ్చిన సిగ్నల్‌ని 6.5 రెట్లు చేస్తుంది. రెండు వోల్టులు ఇంటూ 6.5 అంటే 13. కరెంటు మీద నడిచేటప్పుడు ఈ ఆంప్ చేయగలిగింది ఏడు వోల్టుల దాకానే. పైనున్నదంతా తెగిపోతుంది, ఆ తెగినదే నాకు వినిపించిన చిరుగు. నాబ్ తగ్గించినా ఎందుకు పోలేదంటే, చాలా ఆంపుల్లో వాల్యూమ్ ముందు, గెయిన్ తర్వాత, దీంట్లో తిరగేసి గెయిన్ ముందు, వాల్యూమ్ తర్వాత. అంటే తెగాక వచ్చిన శబ్దాన్ని నాబ్ తగ్గిస్తోంది. అలా పెట్టడానికి కారణం కూడా ఉంది, నాబ్ నుంచి పుట్టే సన్న రొద మళ్లీ పెద్దది కాకుండా ఉంటుంది. అందుకే ఇది అంత నిశ్శబ్దంగా ఉంటుంది. డిజైన్ చేసినాయన ఇదంతా వివరంగా రాసే పెట్టాడు, చదవనిది నేను. రెండు వోల్టుల డాక్‌తో ఓ2 వాడేవాళ్లందరికీ ఇదొక్కటే చెప్తా: లో గెయిన్‌లో పెట్టి, హై అనే బటన్ ఉందన్న సంగతి మర్చిపోండి. నేనైతే దాని మీద టేపు ముక్క అంటించేశా.

ఆ తర్వాత మా తమ్ముడికి ఉత్సాహం పుట్టి, "సరే, నీ ఆంప్‌కీ నీ ఫోన్ డాంగిల్‌కీ తేడా నిజంగా తెలుస్తుందా?" అని పందెం వేశాడు. తెలుస్తుందనే అన్నా. రెండూ ఒకే శబ్దంతో ఉండాలి కదా, కొంచెం గట్టిగా ఉన్నదే మంచిదని చెవి మోసపోతుంది. అందుకని 60 హెర్ట్జ్ టోన్ వేసి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే మల్టీమీటర్‌తో రెండింట్లోనూ అర వోల్టు వచ్చేలా నాబ్ సర్దాం (మామూలు మల్టీమీటర్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర తప్పు చూపిస్తాయి, అందుకే 60). నేను గోడ వైపు తిరిగి కూర్చున్నా, వాడు నాణెం ఎగరేసి ఏది పడితే అది తగిలించాడు. ఇరవై సార్లు. మొదటి ఐదు సార్లూ చాలా ధీమాగా చెప్పా, బేస్ ఇందులో నిండుగా ఉంది, ఇందులో గొంతు వెనక్కెళ్లింది అంటూ. చివరికి లెక్కేస్తే పదకొండు కరెక్టు. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసుకున్నా పది వచ్చేవి. ఆ రోజు నుంచి రివ్యూల్లో "గొంతు వెనక్కెళ్లింది" అని చదివితే ముందు శబ్దాలు సమానం చేశారా అని అడగాలనిపిస్తుంది, నేను రాసినవాటితో సహా.

ఇదంతా విని ఆంపులన్నీ ఒకటే అంటున్నాననుకోకండి. ఒక స్నేహితుడి దగ్గర ట్యూబ్ ఆంప్ ఉంది, దానికి నా హెచ్‌డీ 650 పెట్టి వింటే తేడా నిజంగానే తెలిసింది, బేస్ కాస్త బొద్దుగా, వెచ్చగా. బాగుంది కూడా. ఇంటికొచ్చి ఆలోచిస్తే మంత్రం ఏమీ లేదు. ఈ హెడ్‌ఫోన్ పేరుకి 300 ఓమ్‌లే గానీ 80, 100 హెర్ట్జ్ చుట్టుపక్కల 500 దాకా వెళ్తుంది. ఆంప్ ఔట్‌పుట్ ఇంపిడెన్స్ (ఆంప్ తన వైపు నుంచి పెట్టే అడ్డు) 120 ఓమ్‌లు ఉందనుకుంటే, అక్కడ మిగతా చోట్ల కన్నా దాదాపు ఒక డెసిబెల్ ఎక్కువ అందుతుంది. ఓ2 ఔట్‌పుట్ ఇంపిడెన్స్ అర ఓమ్, కాబట్టి హెడ్‌ఫోన్ ఎలా ఉంటే అలాగే వినిపిస్తుంది. ఆ వెచ్చదనమే కావాలంటే ఈక్వలైజర్‌లో బేస్ ఒక గీత పెంచుకోవచ్చు, కానీ చీకట్లో వెలిగే ట్యూబులు ఈక్వలైజర్‌లో రావు, అది వేరే సరదా, కాదనను.

వాడకంలో చిరాకులు చాలానే ఉన్నాయి. పవర్, ఇన్‌పుట్, హెడ్‌ఫోన్ అన్నీ ముందు పక్కే. బల్ల మీద అందంగా పెట్టుకుందామంటే మూతికి మూడు తీగలు వేలాడుతూ ఉంటుంది. వెనక పక్క నున్నటి ఖాళీ రేకు! నా హెడ్‌ఫోన్ పిన్ను 6.35 మిల్లీమీటర్ల లావుది, దీని రంధ్రమేమో 3.5. మధ్యలో గట్టి అడాప్టర్ పెడితే బారెడు పొడుచుకొచ్చి, తీగ లాగినప్పుడల్లా జాక్ మీద బరువు పడుతుంది. జానెడు తీగతో వచ్చే మెత్తటి అడాప్టర్ కొనండి, లేకపోతే జాక్ వదులైపోతుంది. ఆన్ చేసినప్పుడు, ఆపినప్పుడు టక్కుమంటుంది, హెడ్‌ఫోన్ పీకి స్విచ్ వేయడం ఇప్పుడు అలవాటైపోయింది. కరెంటు అడాప్టర్ విషయంలో మాత్రం జాగ్రత్త, దీనికి కావలసింది ఏసీ తీసుకుని ఏసీయే ఇచ్చేది, 12 నుంచి 20 వోల్టుల మధ్య. ఒకసారి పాతది పోతే, ఇంట్లో పడున్న రౌటర్ అడాప్టర్ పిన్ను సరిపోయింది కదా అని గుచ్చా, అది డీసీ. ఆంప్ ఉలకలేదు పలకలేదు. నయం, ఏమీ కాలలేదు. బ్యాటరీలు మాత్రం మొదటి ఏడాదే తీసేశా, బల్ల మీద కదలకుండా ఉండేదానికి అవి ఎందుకు, కారితే బోర్డు పాడు.

ఇయర్‌ఫోన్లతో? రొద సున్నా, సైలెంట్ గదిలో కూడా ఆన్‌లో ఉందో లేదో తెలియదు. కానీ నాబ్ మొదట్లో ఉన్నప్పుడు శబ్దం ఎడమ చెవికి ఒరుగుతుంది, చిన్న నాబ్‌లకి మామూలే ఇది. కంప్యూటర్‌లో ఒక 15, 20 డెసిబెళ్లు తగ్గించి, ఇక్కడ నాబ్ పెంచుకుంటే మధ్యకొస్తుంది. ఓపికుంటే గెయిన్ రెసిస్టర్లు తీయించేస్తే ఒక రెట్టు దగ్గరే ఆగుతుంది, నాకు ఓపిక లేదు.

ఎవరు కొనాలంటే, ఇప్పుడున్న దాంట్లో వాల్యూమ్ చివరికెళ్లి చాలట్లేదనిపించేవాళ్లు. లేదా నాలాగా చేత్తో తిప్పే నాబ్ బల్ల మీద ఉండాలనుకునేవాళ్లు, మీటింగ్ మధ్యలో ఎవరో మైకులో అరిస్తే తెర మీద గీత కోసం వెతక్కుండా గభాలున తగ్గించడంలో ఉన్న సుఖం కొలతల్లో కనిపించదు. 32 ఓమ్‌ల చిన్న హెడ్‌ఫోన్ ఉండి, ఫోన్‌లో సగం వాల్యూమ్‌కే చెవులు నిండుతున్నవాళ్లు ఆ డబ్బు హెడ్‌ఫోన్ మీద పెట్టండి.

మూడో ఏడు దాటాక నా హెచ్‌డీ 650 చెవి ప్యాడ్లు అణిగిపోయి అట్టల్లా అయ్యాయి. రోజూ కొంచెం కొంచెంగా అణిగాయి కాబట్టి నాకేమీ తెలియలేదు. పోయిన నెల కొత్తవి వేశా. చెవికీ డ్రైవర్‌కీ మధ్య మళ్లీ వేలెడు ఖాళీ వచ్చింది, పాట మొత్తం ఊపిరి పీల్చుకున్నట్టయింది, ఆంప్ కొన్న రోజు నేను ఎదురుచూసింది సరిగ్గా ఇదే. మా తమ్ముడు వచ్చి పెట్టుకుని రెండు పాటలు విన్నాడు. తీసి అటూ ఇటూ చూసి, "అన్నయ్యా, ఆంప్ మార్చావా?" అన్నాడు.