ఐపీ వారీగా బ్యాండ్‌విడ్త్ లెక్క: డార్క్‌స్టాట్ ఎంతవరకు పనికొస్తుంది?

ఒకే సర్వర్‌పై ఐదు ఐపీ అడ్రసులు పెట్టి, ఒక్కొక్కటి ఒక్కో క్లయింటుకు కేటాయించిన నాకు నెలాఖరున కావలసిన లెక్క ఒక్కటే: నెలవారీ డేటా కోటాలో ఎవరు ఎంత వాడారు? హోస్టింగ్ ప్యానెల్ మొత్తం అంకె మాత్రమే చూపుతుంది. వీఎన్‌స్టాట్ తేలికైన, నమ్మదగిన ప్రోగ్రామే గాని, అది ఇంటర్‌ఫేస్‌కు (నెట్‌వర్క్ కార్డుకు) కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, ఉంచే కౌంటర్లను చదివి దాచుకుంటుందే తప్ప ప్యాకెట్లను (నెట్‌వర్క్‌లో వెళ్ళే డేటా ముక్కలను) చూడదు కనుక, ఐదు అడ్రసులూ ఒకే కార్డుపై ఉన్నప్పుడు అది కూడా మొత్తమే చెబుతుంది. ఐఎఫ్‌టాప్ అనే ప్రోగ్రామ్ ఏ అడ్రసు ఎంత లాగుతోందో కళ్ళకు కట్టినట్టు చూపుతుంది, కానీ స్క్రీన్ మూసేస్తే ఏమీ మిగలదు.

అందుకే డార్క్‌స్టాట్ పెట్టాను. ఇది లిబ్‌పీక్యాప్ అనే ప్యాకెట్లను పట్టే లైబ్రరీ ద్వారా వాటిని చూసి, ప్రతి ఐపీకి లోపలికి వచ్చినది, బయటికి వెళ్ళినది విడిగా లెక్కగట్టి, తనలోనే ఉన్న చిన్న వెబ్ సర్వర్ ద్వారా 667 పోర్టులో చూపుతుంది. డేటాబేస్ అక్కర్లేదు, వేరే వెబ్ సర్వర్ అక్కర్లేదు. గ్రాఫులు 60 సెకన్లు, 60 నిమిషాలు, 24 గంటలు, 31 రోజుల చొప్పున కనిపిస్తాయి, కానీ నాకు విలువైనది హోస్టుల (ట్రాఫిక్‌లో కనిపించిన ఐపీ అడ్రసుల) పట్టిక.

ఆ పట్టికను బయటికి వెళ్ళిన బైట్ల ప్రకారం అమర్చి చూస్తే, దాదాపు సందర్శకులే లేని ఒక సైటు తాలూకు ఐపీ అన్నిటికంటే పైన కనిపించింది. ఆ అడ్రసుపై క్లిక్ చేస్తే పోర్టుల వారీ లెక్క తెరుచుకుంది. అందులో 443 (హెచ్‌టీటీపీఎస్ వెబ్ పోర్టు) దగ్గర కొద్దిపాటి అంకె, 873 దగ్గర దానికి ఎన్నో రెట్ల అంకె ఉన్నాయి. 873 అంటే ఫైళ్ళను ఒక మెషీన్ నుంచి మరోదానికి కాపీ చేసే ఆర్‌సింక్. ఎప్పుడో వదిలేశామనుకున్న ఒక బ్యాకప్ మెషీన్ ప్రతి రాత్రీ ఫైళ్ళన్నిటినీ మొదటి నుంచి లాక్కుంటోందని అప్పుడు తెలిసింది. నెలల తరబడి క్లయింటును అనుమానించిన నాకు ఆ ఒక్క పేజీ చేసిన మేలు చిన్నది కాదు.

అయితే జాగ్రత్తలు తప్పవు. ఈ పేజీకి పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి దాన్ని లోకల్‌హోస్ట్‌కే (ఆ సర్వర్ లోపలి నుంచే తెరుచుకునేలా) కట్టిపడేసి, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ అనే సురక్షిత దారి ద్వారా చూడాలి. ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ ఆప్షన్లు ఇవ్వకపోతే రీస్టార్ట్‌తో లెక్కంతా పోతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది పట్టిక పరిమితి: మామూలుగా 1000 హోస్టులు నిండగానే, ఎక్కువ ట్రాఫిక్ ఉన్న 500 మాత్రం ఉంచి మిగతావి తీసేస్తుంది. బయటి సందర్శకుల అడ్రసులు కూడా ఇదే పట్టికలో చేరతాయి కనుక, రద్దీ సర్వర్‌లో 1000 నిండడానికి ఎంతోసేపు పట్టదు. అప్పుడు మన అడ్రసుల్లో పెద్దగా వాడకం లేనిది ఉంటే దాని లెక్క కూడా చెరిగిపోయే ప్రమాదముంది. ఈ పరిమితిని నేను మొదటి రోజే బాగా పెంచుకున్నాను.

ఈ కారణం వల్లనే బిల్లు వేయడానికి డార్క్‌స్టాట్ అంకెలను ఆధారం చేసుకోవడం సరికాదని నా అభిప్రాయం. దానికి లినక్స్ ఫైర్‌వాల్ సాధనమైన ఐపీటేబుల్స్ మేలు. ఒక్కో ఐపీకి ఇన్‌పుట్ (లోపలికి వచ్చే) వరుసలో ఒకటి, అవుట్‌పుట్ (బయటికి వెళ్ళే) వరుసలో ఒకటి చొప్పున టార్గెట్ లేని, అంటే ప్యాకెట్‌ను ఏం చేయాలో చెప్పని, రూల్‌ను వరుసలో అన్నిటికంటే పైన పెడితే, అది ప్యాకెట్‌ను ఆపదు, లెక్కించి ముందుకు వదులుతుంది. రీబూట్‌తో ఈ కౌంటర్లు కూడా సున్నా అవుతాయి కాబట్టి, గంటకోసారి వాటిని ఒక ఫైల్లో రాసే క్రాన్ (వేళకు దానంతట అదే నడిచే పని) పెట్టుకున్నాను. నెలకు ఎంత అన్నది ఆ ఫైలు చెబుతుంది. ఎందుకంత అయిందన్నది మాత్రం డార్క్‌స్టాట్‌లోనే వెతుకుతున్నాను.